నడి ఎండలో నలుగురు పెయింటర్లు

మస్కట్‌లో సముద్రం వెంట పోయే మత్రా కార్నిష్ రోడ్డు మీద పొద్దున పూట పరుగెత్తేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. అందుకే ఇక్బాల్ ఆ చోటు ఎంచుకున్నాడు. అందుకే చచ్చిపోయాడు.

కొండ మీది తెల్లటి ధూపదాని ఆకారపు గుమ్మటానికి అప్పుడే ఎండ తగులుతోంది. పార్కు గేటు దగ్గర ఇక్బాల్ షూ లేసు కట్టుకోవడానికి వంగాడు. ఎదురుగా ఒక ముసలి టూరిస్టు వచ్చాడు. గడ్డి టోపీ, మోకాళ్ళ దాకా నిక్కరు, చేతుల్లో రెండు వాకింగ్ కర్రలు.

"ఎక్స్‌క్యూజ్ మీ. ఆ పైకి దారి ఎటు?"

ఇక్బాల్ తలెత్తి చెయ్యి చూపించాడు. ముసలాయన థాంక్యూ అంటూ ఒక కర్ర మొన అతని పిక్కకి ఆనించాడు. క్లిక్. దోమ కుట్టినంత నొప్పి. ఇక్బాల్ లేచి పరుగు మొదలుపెట్టబోయాడు. కాళ్ళు అతని మాట వినలేదు. గొంతు మూసుకుపోయింది. కళ్ళు మాత్రం పనిచేస్తున్నాయి. ముసలాయన తనని జాగ్రత్తగా బెంచీ మీద కూర్చోబెట్టడం, నోరు తెరిచి నాలుక కింద ఏదో పెట్టడం అతను చివరిదాకా చూశాడు.

తర్వాత ముసలాయన నింపాదిగా కొండెక్కి, ధూపదాని పక్కన నిలబడి, ఊరికీ సముద్రానికీ ఒక ఫోటో తీసుకున్నాడు.

*

మర్నాడు మత్రా సూక్ బజారులో ఒక అత్తరు దుకాణం. సాంబ్రాణి తూచే చిన్న తక్కెడలో ఒక చెర్రీ గింజ.

"ఇక్బాల్ నాలుక కింద దొరికింది," అన్నాడు ఖమరుద్దీన్. పాతబస్తీ మనిషి. ఇరవై ఏళ్ళుగా మస్కట్‌లో అత్తరు అమ్ముతున్నాడు. ఆ అత్తరు వెనక, ఈ దేశంలో మన ఏజెంట్లందరికీ అతనే చీఫ్. "చూసినవ్ కదా ఇట్లాంటిది?"

ఎదురుగా కూర్చున్న ఏజెంటు జితేందర్ దాన్ని ముట్టుకోలేదు.

మూడేళ్ళ కింద చూశాడు. పారిస్‌కి దక్షిణాన సో అనే చిన్న ఊరు. ఊరి కంటే దాని పార్కే పెద్దది. కోట, మెట్లు మెట్లుగా దిగే నీళ్ళు, ఎనిమిది మూలల కొలను, దాని పక్కన పొడవాటి కాలువ, అటువైపు చెర్రీ తోట. ఏప్రిల్ ఆదివారం. పూల కింద జనం దుప్పట్లు పరుచుకుని తింటున్నారు. అతని పార్ట్‌నర్ ఓంకార్ ఒక చెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు, భుజాల నిండా గులాబి రేకులు. జితేందర్ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. జవాబు రాకపోతే అలిగాడనుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని రిపోర్టుల్లో ఏం రాసినా అతన్ని వదలనిది ఆ ఒక్క సంగతే. శవం అలిగిందనుకోవడం.

"ప్రొమెనాడ్," అన్నాడు ఖమరుద్దీన్. "కిరాయి హత్యల రింగ్. మన నేవీ ఇంజనీర్లని ముగ్గురిని తీసేసింది వీళ్ళే. టేబుల్ దగ్గర కూర్చోరు, ఫోన్ ముట్టరు. పార్కులల్ల నడుసుకుంట మాట్లాడుతరు. కోడ్ వర్డ్స్ అన్నీ ఆ ఊరి పార్కువే. టార్గెట్ ఫిక్స్ అయితే కోట. నిఘా అయితే కాలువ. చంపుడు అయితే చెర్రీ. చీఫ్ పేరు అష్టకోణం. వాడి ఫోటో ఈ దునియాలో లేదు."

"కానీ మనిషి ఉన్నాడు."

"ఉన్నడు. వాడి ముఖం చూసిన మనవాళ్ళల్ల బతికున్నది ఒక్కతే. రజియా. కడప పిల్ల. ఖురియాత్‌ల రెనో అని ఫ్రెంచి పడవల వ్యాపారి విల్లా ఉంది, అక్కడ ఇంటిపని. ఒకరోజు గెస్టు వస్తే ఈమె కాఫీ పోసింది. రెనో తన కుర్చీ ఆ గెస్టుకిచ్చి నిలబడ్డడట. అది చూసి ఈమెకి డౌటొచ్చి ఇక్బాల్‌కి చెప్పింది. ఎట్లుంటడమ్మా అంటే, 'ముసలాయప్ప సార్, అందరు దొరల మాదిరే ఉండాడు, సూస్తే చెప్తా' అన్నది."

"ఇప్పుడు వాళ్ళకి ఆమె సంగతి తెలుసు."

"ఇక్బాల్ చచ్చిండంటే తెలిసినట్టే. బేటా, మంచిగ విను. ఆమె బతికితే వాడు దొరుకుతడు. ఆమె పోతే వాడు మళ్ళా ఏదో ఊళ్ళె వాకింగ్ చేసుకునే ముసలోడు. ఆమె బతకాలె. నువ్వు బతికేది సెకండ్."

"థాంక్యూ సాబ్."

ఖమరుద్దీన్ నవ్వలేదు. కౌంటరు కింద నుంచి మామూలు లేబర్ వాటర్ ఫ్లాస్కు ఒకటి తీశాడు. అడుగు తిప్పితే ఊడింది. లోపల అరచేయంత పిస్టల్. తర్వాత పాల రంగు సాంబ్రాణి గడ్డ ఒకటి. "గోకి పారేస్తే పొగ. కండ్లు తెరవలేరు. నువ్వు కూడా తెరవలేవు, గుర్తుపెట్టుకో."

"ఎక్కడ?"

"హవియత్ నజ్మ్ పార్కు. నీ డ్యూటీ కాడనే."

జితేందర్ అప్పటికే నెల రోజులుగా ఆ పార్కులో నర్సింగ్ అనే లేబర్. ఖురియాత్ నుంచి సూర్ వెళ్ళే దారిలో, సముద్రానికి దగ్గరగా, నేల ఒక్కసారి కుంగిపోయి ఏర్పడిన పెద్ద గొయ్యి. అడుగున ఆకుపచ్చ నీళ్ళు. చుక్క రాలి పడిన చోటు అంటారు ఇక్కడివాళ్ళు. చుట్టూ ప్రహరీ కట్టి, చెట్లు పెంచి, లోపలికి మెట్లు దించి పార్కు చేశారు. యూరప్ నుంచి వచ్చే టూరిస్టుల దారి అదే. రెనో గెస్టులూ అక్కడికే వస్తారని అతన్ని ముందే పెట్టారు.

"శుక్రవారం రెనో ఒక ట్రెక్కింగ్ గ్రూపుని ఆడికి పంపుతున్నడు. తిండి, కాఫీ మోయడానికి రజియాని పంపిస్తున్నడు. విల్లాల చంపితే వాడి మీదికొస్తది కదా. గ్రూపుకి గైడు మన మనిషి."

"ఎవరు?"

ఖమరుద్దీన్ తక్కెడ వైపు చూశాడు. "సుమలత."

సో ఊళ్ళో జితేందర్ రోజూ కాలువ వెంట పరుగెత్తింది ఆమెతోనే. ఓంకార్ చనిపోయిన రోజు కూడా.

"ఆమె వాళ్ళకీ పనిచేస్తది, మనకీ పనిచేస్తది," అన్నాడు ఖమరుద్దీన్. "ఎవరికి ఎక్కువ చేస్తదో ఆమెకైనా తెలుసో లేదో. కానీ వేరే దారి లేదు. ఫోన్ వద్దు, రేడియో వద్దు. ప్లాన్ ఏంటో ఆమెనే చెప్తది. బోటు, నేను, పార్కు అవతల సముద్రం ఒడ్డున ఉంటం. టైం మధ్యాహ్నమే. ఎండకాలంల పన్నెండున్నర నుంచి మూడున్నర దాక బయట లేబర్‌తోని పని చేయిస్తే ఈ దేశంల నేరం. అందరూ పండుకుంటరు. పండుకున్న లేబర్‌ని ఎవడూ చూడడు మియా. దానికంటె మంచి వేషం లేదు."

*

శుక్రవారం. గాలి లేదు. సముద్రం పక్కనే ఉన్నా పార్కులో గాలి పొయ్యి మీద మూత పెట్టినట్టుంది.

"ఏందిరా నర్సింగూ, పొద్దటి సంది గేటు దిక్కే సూస్తున్నవ్? నీ అత్తగారు గిట్ల వస్తున్నరా?" అన్నాడు దేవయ్య. జగిత్యాల మనిషి. యాభై దాటాయి. గల్ఫ్‌లో మూడు దేశాలు తిరిగాడు. అన్ని దేశాల ఎండకీ ఒకే తువ్వాలు.

"అత్తగారు వస్తే గోడ దుంకి పోతుంటి దేవన్నా."

"గోడ అవతల గా గొయ్యే ఉంది. దుంకు. చేపలు కాళ్ళు గీకి సాఫ్ జేస్తయి. నీ కాళ్ళు సూసి అవ్విటికి రోగం రాకపోతే అదే పదివేలు."

జితేందర్ నవ్వాడు. నవ్వు నిజమైనదే. ఇది అతన్ని కొన్నాళ్ళుగా కలవరపెడుతోంది. క్యాంపు రూమ్‌లో పై బంకు మీద, దేవయ్య గురక కింద, అతనికి నిద్ర బాగా పడుతోంది. నర్సింగ్‌కి ఓంకార్ ఎవరో తెలియదు. నర్సింగ్ ఎవరినీ చంపలేదు. జితేందర్ అప్పుడప్పుడు మాత్రమే అద్దెకి వచ్చే మనిషి అనీ, ఇల్లు నర్సింగ్‌దేననీ అనిపిస్తోంది.

రెండు ల్యాండ్ క్రూయిజర్లు గేటు ముందు ఆగాయి. ముందు దాంట్లోంచి సుమలత దిగింది. భుజానికి అడ్డంగా క్లైంబింగ్ తాడు, చెవికి ఒక్కటే ముత్యం, ఉప్పునీళ్ళకి రాగి రంగు తిరిగిన జుట్టు. యానాం పిల్ల. తండ్రి ఫ్రెంచి సైన్యంలో చేసి ఆ దేశంలో స్థిరపడ్డాడు. ఆమె పెరిగింది సో ఊళ్ళోనే. తెలుగు మాత్రం గోదావరి ఒడ్డున వదల్లేదు.

ఆమె వెనక ఐదుగురు ముసలి టూరిస్టులు దిగారు. ఐదు గడ్డి టోపీలు. ఐదు జతల వాకింగ్ కర్రలు. జితేందర్ ఐదు ముఖాలూ చూశాడు. ఒక్కటీ గుర్తుండేలా లేదు.

వెనక బండిలోంచి ఒక ముప్పై ఏళ్ళ ఆమె, తలకి చున్నీ చుట్టుకుని, పెద్ద కాఫీ ఫ్లాస్కు, గిన్నెల బుట్ట దించుతోంది. రజియా. దించుతూ తల ఎత్తడం లేదు.

సుమలత నడుచుకుంటూ వచ్చి, ఖర్జూరం మట్టలు నరుకుతున్న జితేందర్ ముందు ఆగింది.

"ఏమండోయ్, ఈ నీళ్ళలో చేపలు కరుస్తాయా?"

"నిలవడ్డోళ్ళనే కరుస్తయి మేడం. ఈదెటోళ్ళని ఇడిసిపెడ్తయి."

కోడ్ సరిపోయింది. ఆమె నల్ల కళ్ళద్దాలు తీయలేదు. "కొడవలి బాగా పట్టుకుంటున్నావే జిత్. చిక్కిపోయావు."

"ఓంకార్ అడిగినట్టు చెప్పమన్నాడు."

ఆమె ముఖంలో ఏదీ కదలలేదు. కదలకుండా ఉంచడానికి ఎంత శ్రమ పడిందో మాత్రం కనబడింది. అది దుఃఖం కావచ్చు. సాధన కావచ్చు. ఆ రెండింటికీ తేడా తెలుసుకునేందుకు అతను ఒక సంవత్సరం ఆమె పక్కన పరుగెత్తాడు. తెలుసుకోలేకపోయాడు.

"ప్లాన్ విను," అంది. "భోజనాలయ్యాక రజియా గిన్నెలు కడగడానికి మెట్లు దిగి నీళ్ళ దగ్గరికి వెళ్తుంది. నువ్వు దిగు. ఆమెని తీసుకుని అదే మెట్ల మీదుగా పైకి రా. పైన రెయిలింగ్ దగ్గర నలుగురు పెయింటర్లు రంగు వేస్తుంటారు. ఖమర్ గారు పంపిన మనుషులే. నీకు కవర్. వాళ్ళ మధ్య నుంచి నడిచి వెనక గేటు."

"నలుగురు?"

"నలుగురు. భయపడకు." వెళ్ళబోయి ఆగింది. "ఇక్కడ ఏడాది నుంచి ఉంటున్నాను. ఇక్కడి ఎండ నాకు బాగా తెలుసు జిత్. తలకి గుడ్డ కట్టుకో."

*

అన్నం తిని లేబర్ అంతా షెడ్డు నీడలో పడ్డారు. దేవయ్య తువ్వాలు తడిపి ముఖం మీద వేసుకున్నాడు. అవతల గొడుగు కింద ఐదుగురు ముసలివాళ్ళు తిని, కర్రలు ఊపుకుంటూ గొయ్యి చుట్టూ వాకింగ్‌కి లేచారు. రజియా బుట్ట, ఫ్లాస్కు పట్టుకుని మెట్లు దిగుతోంది. చివరి మెట్టు దగ్గర కూర్చుని మొదటి గిన్నె నీళ్ళలో ముంచింది.

అప్పుడు వెనక గేటు నుంచి నలుగురు వచ్చారు. కొత్త నీలం కవరాల్స్, పసుపు హెల్మెట్లు, మూతలున్న బకెట్లు. మెట్ల పైన రెయిలింగ్ దగ్గర ఇద్దరు ఇటు, ఇద్దరు అటు కూర్చుని బ్రష్షులు తీశారు.

జితేందర్ సగం లేచాడు. దిగాల్సిన టైం. ఏదో తప్పుగా అనిపించి ఆగాడు. ఎందుకో కాసేపు అర్థం కాలేదు.

బ్రష్షు ఇనుముకి తగలగానే రంగు బుడగలెత్తింది.

పెయింటర్లు.

నడి ఎండలో పెయింటర్లు.

ఖమరుద్దీన్ మనుషులా? ఇరవై ఏళ్ళు ఈ ఎండలో బతికిన మనిషి, పండుకున్న లేబర్ కంటే మంచి వేషం లేదన్న మనిషి, తన వాళ్ళని ఈ టైంలో బ్రష్షులిచ్చి కూర్చోబెడతాడా? ఏ ఇన్‌స్పెక్టరు కారు ఆపినా పని అయిపోతుంది. ఈ వేషం వేసినవాళ్ళు ఎక్కడో చల్లటి ఊళ్ళో, చెట్ల కింద నడుస్తూ ప్లాన్ వేసుకున్నారు. అక్కడ ఎండాకాలం మధ్యాహ్నం అంటే రంగు త్వరగా ఆరే టైం.

దేవయ్య తువ్వాలు తీసి చూశాడు. "ఎవ్వడ్రా గీ టైంల పని జేసేటోడు? అరే భాయ్! బ్రేక్ హై! ఛావ్ మే ఆజావ్! నీడకు రాండ్రి!"

నలుగురిలో ఒక్కడూ తల తిప్పలేదు. లేబర్ అయితే తిట్టైనా తిడతాడు.

"కొత్తోళ్ళు గావచ్చు. ఏ దొంగ కంపెనీయో తోలింది," అంటూ దేవయ్య లేచి, ఐసు నీళ్ళ క్యాను ఎత్తుకున్నాడు. "ఎండల మనిషి ఉంటే నీళ్ళియ్యకుంట నాకు నిద్ర వట్టది తమ్మీ. జరంత ఇచ్చి, ఇటు పిలుసుకొస్త."

'దేవన్నా, పోకు.' రెండు మాటలు. జితేందర్ నాలుక మీదే ఉన్నాయి. కానీ అరిస్తే నలుగురూ తిరుగుతారు, ఒకడు కిందికి పరుగెడతాడు, రజియా పోతుంది. ఇది కారణం. ఇంకొకటి కూడా ఉంది. అతని లోపల, ట్రెయినింగ్ ఇచ్చిన చోట, ఒక చల్లటి గొంతు అంది: పోనీ. వాళ్ళ చేతులు ఎటు వెళ్తాయో చూడు.

దేవయ్య వెళ్ళాడు. మొదటి పెయింటర్ ముందు క్యాను దించి, నవ్వుతూ ఏదో అన్నాడు. వాడు పట్టించుకోకపోతే, నీళ్ళు పోయడానికి చోటు కోసం బకెట్టు పక్కకి జరిపాడు. మూత జారింది. దేవయ్య లోపలి తుపాకులని చూశాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది.

దగ్గులాంటి చిన్న చప్పుడు.

దేవయ్య గోడకి ఆనుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. దూరం నుంచి చూస్తే ఎండకి అలిసిన మనిషి. క్యాను దొర్లి, నీళ్ళు అతని కాళ్ళ మీదుగా పారి, ఎర్రబడి, రాతి మీద అప్పటికప్పుడే ఆరిపోవడం మొదలుపెట్టాయి.

జితేందర్ లేచినట్టు జితేందర్‌కే తెలియలేదు.

సాంబ్రాణి గడ్డ గోడకి గీకి విసిరాడు. తెల్లటి పొగ గుప్పున లేచింది. కళ్ళు మూసుకునే పొగలోకి దూరాడు. దగ్గు వినబడిన చోట కొడవలి తిప్పాడు. ఖర్జూరం మట్టలు కోసే కొడవలి మెడ దగ్గర ఆగదు. వేడిగా ఏదో ముంజేతి మీద పడింది. రెండోవాడు గుడ్డిగా కాల్చాడు. గుండు ఇనుముకి తగిలి కీచుమంది. జితేందర్ వాడి నడుము పట్టి ఎత్తి రెయిలింగ్ మీదుగా తోశాడు. అరుపు కిందికి పోయింది. రాతికి తగిలి ఆగింది.

మూడోవాడు మీద పడ్డాడు. ఇద్దరూ కాలుతున్న నేల మీద దొర్లారు. వాడి బొటనవేలు జితేందర్ కంటిలోకి దిగుతోంది. చేతికి బకెట్టు అందింది. నీలం రంగు మొత్తం వాడి ముఖం మీద పోశాడు. వాడు నీలంగా గావుకేక పెట్టాడు. జితేందర్ నడుముకి కట్టిన నీళ్ళ ఫ్లాస్కు అడుగు తిప్పి, పిస్టల్ ఆ నీలంలో నోరు ఉండాల్సిన చోట పెట్టి కాల్చాడు.

ఆ క్షణంలో అతనికి సంతోషం కలిగింది. స్పష్టంగా, శుభ్రంగా. దాన్ని అతను చూశాడు. తర్వాత దానితో మాట్లాడవలసి ఉంటుందనీ అనుకున్నాడు.

నాలుగోవాడు మెట్లు దిగి పరుగెడుతున్నాడు.

"రజియా!"

మెట్ల దారిన అందడు. జితేందర్ గొయ్యి అంచు నుంచి దూకాడు. గాలి, ఆకుపచ్చ, దెబ్బ. చెవుల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. పిస్టల్ చేతిలోంచి పోయింది. పైకి తేలేసరికి నాలుగోవాడు చివరి మెట్టు మీద గురి పెడుతున్నాడు. రజియా గిన్నెల బుట్టని గుండెకి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. జితేందర్ వాడి మడమ పట్టి లాగాడు. తుపాకి పేలింది. ఒక గిన్నె ఎగిరిపడింది. వాడు నీళ్ళలో పడగానే జితేందర్ వాడి మీదెక్కి, మెడ చుట్టూ కాళ్ళు మెలేసి, అలాగే ఉండిపోయాడు. బుడగలు వచ్చాయి. తర్వాత రాలేదు. చిన్న చేపలు వచ్చాయి. కదలని కాళ్ళ దగ్గరికి.

"రా అమ్మా, పైకి," అన్నాడు మెట్టెక్కుతూ.

"మీరెవురు సార్?"

"ఇక్బాల్ మనిషిని."

"ఆయన..."

"లేడు."

ఆమె ఏడవలేదు. కాఫీ ఫ్లాస్కు చేతిలోకి తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమెకీ తెలిసి ఉండదు. దొర ఇంటి సామాను వదిలి రాకూడదనే అలవాటు కావచ్చు.

పొగ పలచబడుతోంది. పైనుంచి ఐదుగురు ముసలివాళ్ళు కేకలు పెడుతూ మెట్లు దిగి వస్తున్నారు. పైన తుపాకులు పేలితే కిందికి పరుగెత్తడం సహజమే. ఐదు టోపీలు, పది కర్రలు, భయపడిన ఐదు ముఖాలు. మెట్లు ఇరుకు. దాటి పోవాలంటే వాళ్ళ మధ్య నుంచే పోవాలి.

ఈ ఐదుగురిలో ఒకడు. జితేందర్‌కి అప్పుడు తోచింది. హత్య జరిగే చోట తాను స్వయంగా నడవకుండా ఉండలేని మనిషి ఒకడు.

"రజియా. ఆ రోజు కాఫీ పోసింది వీళ్ళలో ఎవరికి?"

ఆమె చూసింది. మొదటి ముసలాయన దాటాడు. రెండో ఆయన ఏడుస్తున్నాడు. మూడో ఆయన మెట్టు తప్పి కూలబడ్డాడు.

"చెప్పమ్మా."

"అందురూ ఒగే మాదిరి ఉండారు సార్..."

నాలుగో ఆయన ఆమె ముందు ఆగి, మర్యాదగా టోపీ తాకి, పక్కకి తప్పుకుంటూ దారి ఇచ్చాడు. దారి ఇస్తూ కర్ర మొన ఆమె పాదం వైపు జరిపాడు.

"ఆయప్పే!" రజియా కేక గొయ్యంతా తిరిగింది. "పనోళ్ళకి దావ ఇడిసే దొర యాడుంటాడు సార్? ఆ పొద్దూ ఇట్లనే లేసి దావ ఇడిసినాడు! ఈయప్పే!"

ఫ్లాస్కు మూత ఊడింది. కాగిన కాఫీ ముసలాయన కళ్ళ మీద పడింది. క్లిక్. సూది ఆమె చెప్పు అంచున దిగి నిలబడింది, వేలికి వెంట్రుకవాసి దూరంలో. జితేందర్ ఆ మణికట్టు పట్టి వెనక్కి విరిచాడు. ఎండు పుల్ల విరిగిన చప్పుడు. అష్టకోణం మోకాళ్ళ మీద పడ్డాడు. ప్రపంచంలో ఫోటో లేని ముఖం. కాఫీ కారుతోంది. అంత దగ్గర నుంచి చూస్తే, అది నిజంగానే ఎవరి ముఖమైనా కావచ్చు.

జితేందర్ ఆ మెడ మీద చెయ్యి వేశాడు. ఓంకార్. ఇక్బాల్. కొంచెం నొక్కితే చాలు.

గుండు అతని ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది.

వెనక్కి పడుతూ పైకి చూశాడు. గొయ్యి అంచున, ఎండకి ఎదురుగా, సుమలత. రెండు చేతుల్లో పిస్టల్. ఆమె గురి అతనికి తెలుసు. అంత దూరం నుంచి ఆమె గుండెని తప్పి భుజాన్ని కొట్టదు. కొట్టాలనుకుంటే తప్ప. కానీ ఎందుకు? అతన్ని చంపలేకా? అతను ముసలివాణ్ణి చంపకుండా ఆపడానికా? తన చీఫ్ ముందు తన లెక్క సరిచేసుకోవడానికా?

ఆమె కళ్ళద్దాలు తీసింది. ఒక్క క్షణం చూసింది. మరుక్షణం అంచు మీద ఎవరూ లేరు.

"సార్, రగతం!" రజియా చున్నీ విప్పి అతని భుజానికి బిగించి కట్టింది. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, ఖాళీ ఫ్లాస్కుతో ముసలాయన నెత్తి మీద గట్టిగా ఒకటి వేసింది. "ఇది ఇక్బాలన్నకి."

*

అత్తరు దుకాణం. వారం తర్వాత. భుజానికి కట్టు. ఎదురుగా పాలు లేని సులేమానీ టీ.

"రజియా మొన్న ఢిల్లీల దిగింది," అన్నాడు ఖమరుద్దీన్. "వీడియోల అష్టకోణాన్ని మళ్ళా గుర్తువట్టింది. ఇప్పుడు ఆఫీసర్లందరికీ ఆమెనే కాఫీ పోస్తున్నదట, ఎవడు లేచి దారి ఇస్తడో అని చూస్తున్నదట."

"సుమలత?"

"గాలి. వాదీ లోయలల్ల తాడేసుకుని దిగిపోయిందంటరు. బేటా, ఒకటి అడుగుత. ఆ పెయింటర్ల టైం పెట్టింది వాళ్ళా, ఆమెనా?"

జితేందర్ కప్పులోకి చూశాడు. ఇక్కడి ఎండ నాకు బాగా తెలుసు. వారంగా ఆ మాట చుట్టూనే తిరుగుతున్నాడు. తెలిసిన మనిషి తెలిసే చేసిన తప్పా, తెలుసనుకున్న మనిషి తెలియక చేసిన తప్పా. మొదటిదైతే ఆమె అతన్ని కాపాడింది. దేవయ్యని లెక్కలోకి తీసుకోలేదు. అయితే, అతను మాత్రం తీసుకున్నాడా?

"తెలియదు సాబ్."

"దేవయ్య శవం డబ్బా రేపు జగిత్యాల చేరుతది. గోల కావద్దని మనమే మాట్లాడినం. కాయితంల ఎండదెబ్బ అని రాయించినం."

"ఆయన నీడలో పడుకున్నాడు సాబ్," అన్నాడు జితేందర్. "బ్రేక్‌లో ఉన్నాడు."

ఖమరుద్దీన్ తక్కెడలోంచి సాంబ్రాణి గడ్డలు ఏరి పక్కన పెట్టాడు. "అష్టకోణం మీద ఖూనీ కేసులు నిలబడడానికి టైం పడ్తది. ఎన్నో దేశాలు, ఎందరో వకీళ్ళు. అందాక లోపల ఉంచడానికి ఏదో ఒక కేసు కావాలె కదా. ఆ నలుగురిని తెచ్చిన పెయింటింగ్ కంపెనీ వాడి పేరు మీదనే ఉంది. దొరికింది."

"ఏం కేసు?"

"మధ్యాహ్నం ఎండల లేబర్‌తోని పని చేయించినందుకు."

జితేందర్ టీ కప్పు కింద పెట్టాడు. వారంలో మొదటిసారి నవ్వాడు. భుజం నొప్పెట్టింది.

"సాక్షి కావాలి కదా సాబ్. రాసుకోండి. నర్సింగ్, పార్కు లేబర్. ఆ టైంకి నిద్రపోతున్నాడు. అయినా చూశాడు."